పైనుంచి లాగినా సెట్టింగ్స్ దిగట్లేదా? కాంబో మార్పించే ముందు ఇవి చూడండి

ఆండ్రాయిడ్ ఫోన్లో స్క్రీన్ పై అంచు నుంచి ఒక వేలితో కిందికి లాగితే నోటిఫికేషన్లు, వాటి పైన కొన్ని బటన్లు వస్తాయి. ఇంకోసారి లాగితే వైఫై, టార్చ్, హాట్‌స్పాట్ అన్నీ దిగుతాయి. చాలా ఫోన్లలో రెండు వేళ్ళు పక్కపక్కన ఆనించి ఒక్కసారి లాగితే చాలు, బటన్లన్నీ ఒకేసారి వస్తాయి. ఏ బటన్నైనా నొక్కి పట్టుకుంటే దాని అసలు సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. ఇందులో ఏది జరగకపోయినా ‘డిస్‌ప్లే పోయింది, కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసిన భాగం) మార్పించాలి’ అనుకోవడం మామూలే గానీ, చాలాసార్లు తప్పు డిస్‌ప్లేది కాదు.

నోటిఫికేషన్లే వస్తున్నాయి, బటన్లు రావట్లేదు

అప్‌డేట్ వేసిన మర్నాడే ఇలా అయిందంటే పాడైనదేమీ లేదు. ప్యానెల్‌ను రెండుగా విడదీశారు, అంతే. ఎడమవైపు నుంచి లాగితే నోటిఫికేషన్లు, కుడి మూల నుంచి లాగితే బటన్లు. శామ్‌సంగ్‌లో వన్ యూఐ 7 అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. పాతదే కావాలంటే కుడి మూల నుంచి లాగి, పెన్సిల్ గుర్తు నొక్కి, ప్యానెల్ సెట్టింగ్స్‌లో ‘టుగెదర్’ ఎంచుకోండి. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో ‘కంట్రోల్ సెంటర్’ (ఈ బటన్ల ప్యానెల్ పేరు) అని కొడితే దాని స్టైల్ మార్చే చోటు దొరుకుతుంది.

ఐఫోన్లో ఫేస్ ఐడీ ఉంటే కుడి పై మూల నుంచి కిందికి, హోమ్ బటన్ ఉంటే కింది అంచు నుంచి పైకి లాగాలి. లాక్ పడినప్పుడు మాత్రమే రాకపోతే, సెట్టింగ్స్‌లో ఫేస్ ఐడీ (హోమ్ బటన్ ఉంటే టచ్ ఐడీ) అండ్ పాస్‌కోడ్‌లోకి వెళ్ళి ‘అలౌ యాక్సెస్ వెన్ లాక్డ్’ కింద కంట్రోల్ సెంటర్ ఆన్ చేయండి.

గుంట దగ్గర పనిచేయదు, ఇంటికొస్తే పనిచేస్తుంది

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద ఉండేవాళ్ళకు ఇది బాగా తెలుసు. వేలు ఆనినప్పుడు గాజు కింద విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును టచ్ పట్టుకుంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి, గాజు మీద పరుచుకున్న తడిని కూడా అది వేలే అనుకుంటుంది. ఎన్ని వేళ్ళు ఆనాయో తేలక, లాగిన లాగుడును వదిలేస్తుంది.

చేయి తుడుచుకుంటే సగం పనే అయినట్టు. నీళ్ళు ఆరాక గాజు మీద ఉప్పు పొర మిగిలి, సముద్రపు గాలిలో తేమను మళ్ళీ లాక్కుంటుంది. స్క్రీన్ ఆపి, మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవండి. శానిటైజర్ నేరుగా చల్లకండి, స్పీకర్ జాలీలోకి దిగుతుంది.

పై అంచులోనే టచ్ అందట్లేదు

ముందు టెంపర్డ్ గ్లాస్‌ను అనుమానించండి. అంచు లేచిన చోట గ్లాసుకూ స్క్రీన్‌కూ మధ్య గాలి చేరి, వేలి జాడ కిందికి అందదు. చీమకుర్తి క్వారీల దగ్గర వాడే ఫోన్లలో ఆ సందులోకి గ్రానైట్ పొడి కూడా చేరుతుంది. గ్లాసును అక్కడ నొక్కి పట్టుకున్నప్పుడు టచ్ పనిచేసి, వదిలితే ఆగిపోతే కారణం తేలినట్టే. బిగుతు పౌచ్ కూడా గ్లాసు అంచును పైకి నెడుతుంది, కాబట్టి పౌచ్ తీసి మళ్ళీ చూడండి. గ్లాస్ మందంగా ఉంటే, శామ్‌సంగ్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని ‘టచ్ సెన్సిటివిటీ’ ఆన్ చేయండి. లేచిన గ్లాసుకు మాత్రం ఏ సెట్టింగూ మందు కాదు, పీకి కొత్తది వేయించాల్సిందే.

వీడియోలో, గేమ్‌లో మాత్రమే రావట్లేదు

ఇది లోపం కాదు. ఫుల్ స్క్రీన్‌లో మొదటి లాగుడుకు పై పట్టీ మాత్రమే కనబడుతుంది, రెండోదానికి ప్యానెల్ వస్తుంది.

ఫోన్ మాట్లాడుతోంది, ఒక వేలితో ఏమీ కదలట్లేదు

స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ అయింది. పెద్దవాళ్ళ ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిసి నొక్కుకుపోయి ఇలా అవుతుంది. అవే రెండింటినీ 3 సెకన్లు పట్టుకుంటే సాధారణంగా ఆగిపోతుంది. ఆగకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళండి. అప్పుడు ఏదైనా తెరవాలంటే దాన్ని ఒకసారి తాకి, తర్వాత రెండుసార్లు టకటకా కొట్టాలి. పేజీ జరపాలంటే రెండు వేళ్ళతో లాగాలి. ఇది తెలియక ఫోన్‌ను రీసెట్ కొట్టించుకుని ఫొటోలు పోగొట్టుకోకండి.

చార్జింగ్‌లో ఉంటే గంతులేస్తోంది

చార్జర్ తీసేయగానే సర్దుకుంటే తప్పు చార్జర్‌దే. నాసిరకం అడాప్టర్ నుంచి వచ్చే విద్యుత్ రొద టచ్‌ను గందరగోళపెడుతుంది. వేరే అడాప్టర్, వేరే కేబుల్ పెట్టి చూడండి.

ఇవన్నీ చూసినా కుదరకపోతే

ఆండ్రాయిడ్‌లో పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. సెట్టింగ్స్‌లో ‘బిల్డ్ నంబర్’ (షావోమీ, రెడ్‌మీలో ‘ఎంఐయూఐ వెర్షన్’ లేదా ‘ఓఎస్ వెర్షన్’) వెతికి దాని మీద 7 సార్లు కొట్టండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ‘పాయింటర్ లొకేషన్’ ఆన్ చేస్తే వేలు వెళ్ళిన దారంతా గీత పడుతుంది. స్క్రీన్ మధ్యలో వేలు పెట్టి, ఎత్తకుండా నెమ్మదిగా పై అంచుదాకా జరపండి. కిందినుంచి పైకి వెళ్తున్నారు కాబట్టి ప్యానెల్ అడ్డురాదు. ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా చేయండి. గీత ప్రతిసారీ ఒకే ఎత్తులో తెగితే అక్కడ టచ్ చచ్చినట్టే. పై పట్టీలో ‘పి’ పక్కన మొదటి అంకె, ఆనిన వేళ్ళ లెక్క. మీరు తాకకుండానే అది 1 అవుతుంటే దయ్యం టచ్ అన్నమాట.

గీత సాఫీగా అంచుదాకా వెళ్తే డిస్‌ప్లే బాగానే ఉంది. మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లో ఫోన్ తెరిచి చూడండి. అక్కడ ప్యానెల్ దిగితే, కొత్తగా వేసిన లాంచర్ (హోమ్ స్క్రీన్ రూపు మార్చే) యాప్‌నో స్క్రీన్ పక్కన పట్టీ చూపించే యాప్‌నో తీసేయండి.

గీత తెగుతుంటే దాన్నే షాపులో చూపించండి. ఫోన్ కిందపడ్డాక మొదలైన సమస్య అయితే, ముందు డిస్‌ప్లే కనెక్టర్ విప్పి మళ్ళీ బిగించి చూడమనండి. అది వదులైనా ఇలాగే ఉంటుంది. ఆ తర్వాతే కాంబో ధర మాట్లాడండి. పని అయ్యాక పాయింటర్ లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఆ గీతలూ అంకెలూ స్క్రీన్ మీద అలాగే పడుతుంటాయి.