దట్టమైన కలుపు, పెద్ద తోట: బ్రష్ కట్టర్ ఎక్కడ మొరాయిస్తుంది, ఎలాంటిది కొనాలి

మామిడి, కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో జూన్ వానలతో మొలిచిన కలుపు ఆగస్టు నాటికి నడుము ఎత్తుకు చేరుతుంది. కూలీలు దొరకక బ్రష్ కట్టర్ (పొడవైన రాడ్డు కొనన తిరిగే తీగతో లేదా బ్లేడుతో కలుపు కోసే ఇంజిను మిషన్) కొన్న రైతులు కొందరు ఒక సీజను తిరగకుండానే దానిని మూలన పెట్టడం చూస్తున్నాం. దుకాణంలో మాటలన్నీ సీసీల (ఇంజిను పరిమాణం) చుట్టూ, ధర చుట్టూ తిరుగుతాయి. కానీ ముందుగా తేల్చుకోవలసింది మన నేలలో కోయవలసిన కాండం ఎంత లావు, ఎంత గట్టి అన్న సంగతి. కింద చెప్పే సమస్యల్లో చాలావాటికి మూలం ఆ సంగతి తేల్చకుండా మిషన్ కొనడమే. కొన్నవారికి మరమ్మతు దారి, కొనబోయేవారికి ఎంపిక దారి రెండూ ఈ సమస్యల్లోనే దొరుకుతాయి.

సమస్య: నైలాన్ తీగ మాటిమాటికీ తెగుతోంది, కలుపు మిషన్ తలకు చుట్టుకుంటోంది

రాడ్డు కొనన తిరిగే తలలో ఉండే నైలాన్ తీగకు పదును ఉండదు. వేగంగా తిరిగి కొట్టడం వల్లనే అది కోస్తుంది. గరిక, తుంగ, లేత గడ్డి వంటి మెత్తని కాడలను ఆ దెబ్బ తేలికగా తెంచుతుంది. ముదిరిన వయ్యారిభామ, వెంపలి, తంగేడు, సర్కారు తుమ్మ మొలకల మీదకు అదే తీగను తీసుకువెళితే, కాడ తెగకముందే తీగ అరిగిపోతుంది. పొడవుగా పెరిగిన గునుగు వంటి మొక్కలు విరిగి తల చుట్టూ పేనుకుపోతాయి.

కాడ పెన్సిలు లావు దాటిందంటే మూడు పళ్ల స్టీలు బ్లేడు వేయాలి. బొటనవేలు లావు ఉన్న కట్టె మొక్కలకు కార్బైడ్ మొనలున్న గుండ్రని రంపం బ్లేడు కావాలి, కానీ దానిని తిప్పే సత్తా చిన్న ఇంజిన్లకు ఉండదు. బ్లేడు బిగించే నట్టుకు సాధారణంగా ఎడమ మరలు ఉంటాయి. మామూలు నట్టు విప్పినట్లు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి, బలం ప్రయోగించే ముందు మరల వాటం చూసుకోవాలి.

తీగ తప్పనిసరైన చోట, మిషన్ పుస్తకం అనుమతిస్తే 3 మిల్లీమీటర్ల మందం ఎంచుకోవచ్చు. ఏడాదిగా వాడకుండా ఎండిపోయిన తీగ పెళుసుబారుతుంది. వాడే ముందు రాత్రంతా నీటిలో నానబెడితే నైలాన్ తేమ పీల్చుకుని మళ్లీ మెత్తబడుతుంది. తలపై ఉన్న బాణం గుర్తు ప్రకారం చుట్టకపోయినా, చుట్లు ఒకదానిపై ఒకటి అడ్డంగా పడినా, లోపలి వేడికి తీగ అతుక్కుపోయి బయటకు రావడం మానేస్తుంది.

సమస్య: ఇంజిను మోగుతోంది, బ్లేడు మాత్రం కలుపులో ఆగిపోతోంది, మాడు వాసన వస్తోంది

ఇది క్లచ్ జారుతున్న లక్షణం. ఇంజిను వేగం పెరిగినప్పుడు క్లచ్ దిమ్మలు బయటకు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లనే బ్లేడు తిరుగుతుంది. పెట్రోలు ఆదా అవుతుందనుకుని సగం యాక్సిలరేటర్‌తో దట్టమైన కలుపులోకి దిగితే దిమ్మలు పూర్తిగా పట్టవు, డ్రమ్ముతో రాసుకుని కాలిపోతాయి. విప్పి చూసినప్పుడు డ్రమ్ము నీలిరంగుకు తిరిగి ఉంటే వేడి ఎంత పుట్టిందో అర్థమవుతుంది. కోసేటప్పుడు వేగం నిండుగా ఉండాలి. ఎత్తయిన కలుపును ఒక్క వేటుకు మొదలంటా కోయాలని చూడకుండా, పైభాగాన్ని ముందు, మొదలును తరువాత, రెండు దశల్లో కోయాలి.

రెండవ కారణం ఊరూరా కనబడుతుంది: గడ్డి పేరుకుంటోందని ప్లాస్టిక్ గార్డును విప్పి పక్కన పడేయడం. ఆ గార్డు అంచున ఉండే చిన్న కత్తి, అదనంగా వచ్చిన తీగను సరైన పొడవుకు తెంచుతుంది. గార్డు తీసేస్తే తీగ పొడవుగా సాగి, ఇంజినుపై బరువు పెరిగి, వేగం పడిపోయి, క్లచ్‌తో పాటు సిలిండరు కూడా వేడెక్కుతుంది. ఎగిరే రాళ్లు నేరుగా కాళ్లకు, కళ్లకు తగిలే ప్రమాదం దీనికి అదనం. గార్డు లేకుండా మిషన్ చేతికిచ్చే దుకాణంలో కొనవద్దని గట్టిగా చెబుతాను.

గార్డు ఉండి, వేగం నిండుగా ఉండి కూడా ఆగిపోతుంటే ఇంజినే చాలడం లేదని అర్థం. బ్లేడుతో పని చేయవలసిన తోటకు ఫోర్ స్ట్రోక్‌లో (ఆయిల్ విడిగా పోసే ఇంజిను) 35 సీసీ, టూ స్ట్రోక్‌లో (పెట్రోలులోనే ఆయిల్ కలిపే ఇంజిను) 40 సీసీ దరిదాపుల్లో ఉండే మిషన్ కనీసమని నా అభిప్రాయం. అయితే పెద్ద సీసీ అంకె ఒక్కటే బలానికి హామీ కాదు. సీసీతో పాటు కిలోవాట్లలో శక్తి ఎంతో రాసి ఉందా అని చూడాలి, రెండు మిషన్లను ఆ అంకెతోనే పోల్చాలి.

సమస్య: స్టార్ట్ కావడం లేదు, లేదా వేడెక్కాక ఆగిపోతోంది

టూ స్ట్రోక్ ఇంజినుకు పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40 మిల్లీలీటర్లు. ఏది వాడాలో మిషన్‌తో వచ్చిన పుస్తకమే చెబుతుంది. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోస్తే, ఎక్కువైనప్పుడు ప్లగ్ నల్లగా తడిసి సైలెన్సరు జాలీ మసితో మూసుకుపోతుంది, తక్కువైనప్పుడు పిస్టన్ పట్టేస్తుంది. ఈ రెండవది సరిచేయాలంటే దాదాపు కొత్త ఇంజిను ధర అవుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగుతాయి. ఆ పొరలో ఆయిల్ ఉండదు. కాబట్టి వారం పనికి సరిపడా మాత్రమే కలుపుకోవాలి. సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో (పెట్రోలును గాలితో కలిపే భాగం) మిగిలింది కూడా అయిపోయేవరకు ఇంజినును నడిపించాలి. లేకపోతే లోపలి డయాఫ్రమ్ అనే పలుచని పొర గట్టిపడి, వచ్చే ఏడు ఎంత లాగినా ఇంజిను అందుకోదు.

తాడు లాగే ముందు కార్బురేటరు దగ్గరి మెత్తని బుడగను నొక్కి చూడండి. పెట్రోలు ఎక్కకుండా గాలి బుడగలే కనిపిస్తే, ట్యాంకు లోపలి పైపు పగిలిందేమో, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. కొన వంచిన సన్నని తీగతో ఫిల్టరును మూతి గుండా బయటకు లాగవచ్చు. పది నిమిషాలు నడిచి ఆగుతున్న మిషన్, ట్యాంకు మూత కాస్త వదులు చేయగానే మళ్లీ నడిస్తే, మూతలోని గాలి రంధ్రం పూడిందని తేలిపోయినట్లే. స్పాంజి ఎయిర్ ఫిల్టరును సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరాక తిరిగి పెట్టాలి.

ఆయిల్ కలిపే పని సరిగా జరుగుతుందన్న నమ్మకం లేనివారికి, ముఖ్యంగా మిషన్ పలువురి చేతులు మారే తోటలకు, ఫోర్ స్ట్రోక్ మేలు. ఉదాహరణకు హోండా జీఎక్స్ 35 ఇంజిను 35.8 సీసీ, దానికి మామూలు పెట్రోలు చాలు, ఇంజిన్ ఆయిల్ విడిగా పోస్తారు. ఆ ఆయిల్ పరిమాణం 100 మిల్లీలీటర్లే కనుక, రోజూ స్టార్ట్ చేసే ముందు మట్టం చూడడం మానకూడదు.

సమస్య: కింది గేర్ బాక్స్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, గరగర శబ్దం వస్తోంది

గ్రీజు ఎండిపోయింది. పక్కనున్న స్క్రూ తీసి, సుమారు 25 గంటల పనికి ఒకసారి లిథియం గ్రీజు ఎక్కించాలి. కిక్కిరిసేలా నింపితే అదీ వేడికి కారణమే. వీపున మోసే రకాల్లో ఇంజిను నుంచి రాడ్డుకు శక్తి మెత్తని కేబుల్ ద్వారా వస్తుంది. దట్టమైన కలుపులో బ్లేడు హఠాత్తుగా ఇరుక్కున్నప్పుడు ఆ కేబుల్ మెలితిరిగి తెగుతుంది. గట్లకు, వాలు నేలలకు ఆ రకం అనువైనదే కానీ, మొండి కలుపుకు గట్టి రాడ్డు లోపల నిండు షాఫ్టు ఉన్న, భుజాన తగిలించుకునే రకమే నిలుస్తుంది.

సమస్య: గంట తిరగకుండానే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి

బ్లేడు వంగినా, ఒక పన్ను విరిగినా, ఒకవైపే పదును పెట్టినా అదురు పెరుగుతుంది. అన్ని పళ్లనూ సమానంగా రాయాలి. ఒంటి భుజం బెల్టుకు బదులు రెండు భుజాలపై బరువు పడే బెల్టు, సైకిల్ హ్యాండిల్ వంటి పట్టు ఉన్న మిషన్ తీసుకోవాలి.

సమస్య: చెట్ల మొదళ్లు గాయపడుతున్నాయి, డ్రిప్ పైపులు తెగుతున్నాయి

లేత మామిడి మొక్క బెరడు చుట్టూతా ఒలిచిపోతే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగదు, మొక్క క్రమంగా చచ్చిపోతుంది. దీనికి నైలాన్ తీగ చాలు, బ్లేడే కానక్కరలేదు. పాదులో రెండడుగుల మేర కొడవలితోనే తీయించాలి, లేదా ఎండుగడ్డి పరిచి కలుపు రాకుండా చూడాలి. కోతకు ముందు డ్రిప్ లేటరళ్లను (వరుసల వెంట పరిచే సన్నని పైపులను) చెట్టు వరుసకు దగ్గరగా జరిపించాలి. వయ్యారిభామను పూత రాకముందే కోయించాలి. దాని రసం, పుప్పొడి చర్మానికి పడనివారు ఉంటారు కనుక నిండు చేతుల చొక్కా, ముఖానికి జాలీ కవచం తప్పనిసరి.

సమస్య: మిషన్ బాగానే ఉంది, తోట మాత్రం తెమలడం లేదు

ఐదారు ఎకరాలు దాటిన తోటను మనిషి భుజం మీది యంత్రంతో మొత్తం కోయాలనుకోవడమే ఇక్కడ చిక్కు. వరుసల మధ్య ట్రాక్టరుకు తగిలించి కలుపు కోసే రోటరీ స్లాషర్‌ను అద్దెకు తెచ్చి, చెట్ల చుట్టూ, గట్లు, కంచె వెంబడి మాత్రమే బ్రష్ కట్టర్ వాడితే, కొనే మిషన్ మధ్యస్థంగా ఉన్నా సరిపోతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది.

దుకాణంలో కొనే ముందు దానిని అక్కడే స్టార్ట్ చేయించి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు బ్లేడు పూర్తిగా ఆగుతోందో లేదో చూడండి. బెల్టు వేసుకుని కాసేపు నిలబడి, చేతులు వదిలినా తల నేలకు కాస్త ఎత్తులో తూకంగా నిలుస్తోందో గమనించండి. క్లచ్ దిమ్మలు, స్టార్టరు తాడు, కార్బురేటరు డయాఫ్రమ్, గేర్ బాక్స్ ఈ నాలుగూ విడిగా తమ దగ్గర ఉన్నాయా అని అడిగి, చూపించమనండి. చూపించలేకపోతే, మీ మండల కేంద్రంలో విడిభాగాలు దొరికే మరో మిషన్, ధర కొంత ఎక్కువైనా, దానినే తీసుకోండి.