స్పాటిఫైలో గాయకుల పేజీని తీర్చిదిద్దుకోవడం

పాటలు వినిపించే యాప్ స్పాటిఫైలో గాయకులు నేరుగా పాట ఎక్కించలేరు. లేబుల్ (పాటలను విడుదల చేసే సంగీత సంస్థ) లేదా డిస్ట్రిబ్యూటర్ (పాటలను ఇలాంటి యాప్‌లకు చేరవేసే సంస్థ) ద్వారా పాట చేరిన తరువాతే వారి పేరిట పేజీ ఏర్పడుతుంది. కనుక అసలు జాగ్రత్త పేరు దగ్గరే మొదలవుతుంది. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ‘శ్రీ’ని ఒకసారి ‘ఐ’తో, మరొకసారి రెండు ‘ఈ’లతో రాస్తే, ఒకే గాయని పాటలు రెండు పేజీలకు చెదిరిపోయి, అనుసరించే శ్రోతలు కూడా రెండుగా చీలిపోయే ప్రమాదం ఉంది. ఒకే వర్ణక్రమాన్ని ఖాయం చేసుకుని, రెండవ పాట నుంచి పాత పేజీ లింకునే డిస్ట్రిబ్యూటరుకు ఇవ్వడం మంచిది.

గాయకుల కోసం స్పాటిఫై నడిపే ‘స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్’లో ఆ పేజీ తమదేనని నమోదు చేసుకున్నాక ఫొటో, పరిచయం మార్చుకోవచ్చు. ఫొటో కనీసం 750 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలి. పరిచయానికి 1,500 అక్షరాలే అవకాశం. వాటిని బిరుదుల చిట్టాకు ఖర్చు చేయకుండా (మనవారికి ఈ మోజు కొంచెం ఎక్కువే) ఏ సంప్రదాయంలో పాడుతున్నారో చెప్పాలి.

విడుదలకు కనీసం 7 రోజుల ముందు, భాష తెలుగు అని గుర్తించి, పాటను స్పాటిఫై ప్లేలిస్టులను కూర్చే ఎడిటర్లకు ప్రతిపాదిస్తే, ప్లేలిస్టులో చోటు దక్కకపోయినా, అనుసరించేవారికి కొత్త పాటలు అందించే ‘రిలీజ్ రాడార్’ జాబితాలో అది చేరుతుంది.