సైడ్ డ్రమ్ము రిపేరు – మూడో పాఠం: ఎంత తిప్పినా బిగియని బోల్టు

మొదటి పాఠంలో హెడ్ (డ్రమ్ము మీద బిగించే పొర) మార్చడం, రెండో పాఠంలో ఎదురెదురు బోల్టులను అర చుట్టు చొప్పున బిగిస్తూ హెడ్‌ను సమంగా లాగడం చూశాం. అన్నీ చెప్పినట్టే చేసినా ఒక మూల వదులుగానే ఉండిపోతోందా? ఊరేగింపు రెండు వీధులు తిరిగేసరికి బోల్టు దానంతటదే ఊడి వస్తోందా? అయితే కొత్త హెడ్ కొనడం దండగ. లోపం బోల్టులు, నట్ల సామానులో ఉంది.

మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు బ్యాండు మేళాల్లో డ్రమ్ములకు రోజూ పనే. ఎవరు తయారుచేశారో పేరైనా లేని డ్రమ్ములు వాటిలో చాలానే కనిపిస్తాయి. వాటిని పారేయమని నేను చెప్పను. డ్రమ్ము ఒళ్లు, అంచు బాగుంటే మిగతావన్నీ విప్పి మార్చుకోదగ్గ ముక్కలే.

ముందు ఒక పరీక్ష. స్నేర్ హ్యాండిల్ (అడుగు హెడ్ కింది తీగలను బిగించే, వదిలే మీట) దించి, తీగలు అడుగు హెడ్‌కు తగలకుండా చేయండి. పుల్లతో మధ్యలో ఒక దెబ్బ వేయండి. తీగలు తప్పించినా జుయ్‌మని మోత వస్తుంటే ఎక్కడో స్క్రూనో, నట్టో, స్ప్రింగో వదులైందన్నమాట. ఒక్కో లగ్ (డ్రమ్ము ఒంటికి బిగించి, బోల్టు దిగే దిమ్మ) మీద వేలు గట్టిగా ఆనించి మళ్లీ మళ్లీ కొట్టండి. ఏ లగ్ పట్టుకున్నప్పుడు మోత ఆగిందో, విప్పాల్సింది అదే.

లగ్ విప్పాలంటే ఒక పక్క హెడ్ తీసి, డ్రమ్ము లోపలున్న రెండు చిన్న స్క్రూలు తిప్పాలి. చాలాసార్లు ఆ స్క్రూలే వదులై ఉంటాయి, కింద వాషరే ఉండదు. వెడల్పు వాషర్ వేసి బిగిస్తే సగం మోతలు అక్కడికక్కడే పోతాయి. లగ్ చేతికి వచ్చాక లోపల చూడండి: పైన క్రోమ్ మెరుపు, కింద జింకు పోత, మధ్యలో బోల్టు దిగే ఇత్తడి నట్టు. కొన్ని రకాల్లో ఆ నట్టును పట్టి ఉంచడానికి ఒక స్ప్రింగు కూడా ఉంటుంది. దెబ్బ దెబ్బకూ మోగేది ఈ స్ప్రింగే. దాని చుట్టూ కాస్త దూదో స్పాంజి ముక్కో కుక్కితే ఊరుకుంటుంది. మరీ నాసిరకంలో ఇత్తడి నట్టు కూడా ఉండదు, మెత్తటి జింకులోనే మర కోసి వదిలేస్తారు. స్టీలు బోల్టు దాన్ని కొద్దిరోజుల్లోనే తినేస్తుంది.

ఇక అసలు రోగం, మరలు. డ్రమ్ము టెన్షన్ బోల్టులు ఎక్కువగా 12-24 అనే ఇంచీ కొలతలో వస్తాయి. అంటే లావు సుమారు 5.5 మిల్లీమీటర్లు, ఇంచీకి 24 చుట్లు. మన హార్డ్‌వేర్ షాపులో అడగ్గానే చేతిలో పెట్టేది ఎం6. దాని లావు 6 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సరిగ్గా 1 మిల్లీమీటరు. 12-24లో ఆ దూరం 1.06. కంటికి రెండూ ఒకటే, గొడవంతా అక్కడే.

ఎం6 బోల్టును 12-24 నట్టులోకి తిప్పితే మొదటి చుట్టులోనే పట్టేస్తుంది. ఓపిక లేనివాళ్లు పానా వేసి బలవంతంగా దించుతారు, ఇత్తడి మర కాస్తా పొడిపొడిగా రాలుతుంది. దీనికి తిరగబడ్డ కేసు ఇంకా మోసం చేస్తుంది. ఎం6 నట్టులోకి సన్నటి 12-24 బోల్టు హాయిగా దిగుతుంది, వేళ్లతో తిప్పితే ఎంత స్మూత్‌గా ఉందో అనిపిస్తుంది కూడా. కానీ మర పైపైనే పట్టుకుని ఉంటుంది. హెడ్ బిగుసుకుని అసలు టెన్షన్ పడగానే టక్కున జారుతుంది. “తిప్పుతుంటే తిరుగుతనే ఉందన్నా” అని పట్టుకొచ్చే డ్రమ్ముల్లో ముందు చూడాల్సింది ఇదే.

తేల్చుకోవడం తేలికే. స్కేలు పెట్టి బోల్టు మీద 20 మిల్లీమీటర్ల పొడవులో చుట్లు లెక్కపెట్టండి. 20 వస్తే ఎం6, 19 దగ్గర ఆగితే 12-24. లేదా తెలిసిన బోల్టు పక్కన తెలియని బోల్టు ఆనించి, మర మరలో కూర్చునేలా నొక్కి వెలుతురుకు ఎత్తి పట్టండి. ఒకే కొలతైతే మధ్యలో సందు కనిపించదు. బోల్టు వంకర ఉందేమో కూడా అప్పుడే చూసేయండి. వంటింటి గ్రానైట్ గట్టు మీదో నున్నటి తాండూరు బండ మీదో దొర్లిస్తే వంకర బోల్టు ఎగిరెగిరి పడుతుంది. అలాంటిది నట్టులో ఒరుసుకుంటూ బిగుసుకున్నట్టు నటిస్తుంది, హెడ్ మాత్రం లాగబడదు. దాన్ని సుత్తితో సరిచేయాలని చూడకండి, మార్చేయండి.

ఇత్తడి నట్టులో 12-24 మర పోయిందనుకోండి. నట్టును లగ్‌లోంచి బయటికి తీసి, 5 మిల్లీమీటర్ల డ్రిల్లు పంపి, ఎం6 ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొట్టించండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పని చేసే లేత్ షాపులకు ఇది టీ తాగే లోపు పని. మీరే కొట్టుకుంటానంటే నట్టును వైస్‌లో బిగించి, ఒక చుక్క నూనె వేసి, ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ నిదానంగా దించండి. లగ్‌లో ఉండగానే కొడితే ట్యాప్ ఒరిగిపోతుంది. నట్టు బయటి లావు 9 మిల్లీమీటర్లకు తక్కువుంటే గోడ మరీ పల్చబడుతుంది, దానికి కొత్త లగ్ కొనడమే మేలు.

ఇప్పుడు ఆ ఒక్కచోట ఎం6 బోల్టు పడుతుంది. దాని తలకు డ్రమ్ కీ (డ్రమ్ము బోల్టులు తిప్పే చిన్న తాళం) పట్టదు, 10 నంబరు పానా కావాలి. నా మట్టుకు నేను మిగతా మంచి నట్లను కదిలించను. ఒక్కదానికోసం అన్నీ తవ్వితే ఉన్నవీ పాడవుతాయి. ఆ ఎం6 బోల్టు తల మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి, రాత్రి బరాత్‌లో చీకట్లో పానా ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

లగ్ పగిలితే మాత్రం వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లకండి. జింకు 419 డిగ్రీలకే కరిగిపోతుంది, ఇనుముకు 1,538 డిగ్రీలు కావాలి. గ్యాస్ మంట తగిలితే లగ్ చేతిలోనే ముద్దవుతుంది. ఎమ్-సీల్ పూసి బిగించినా లాగుడుకు ఆగదు. కొత్త లగ్ కొనేటప్పుడు రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కలవాలి. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి రెండో రంధ్రం ఎడమ అంచు దాకా కొలవండి. రంధ్రాలు ఒకే సైజు కాబట్టి మధ్య నుంచి మధ్యకు కొలిచినట్టే అవుతుంది, అంచనా తప్పే పని ఉండదు.

మరలన్నీ బాగున్నా ఒకే మూల మర మాటిమాటికీ పోతుంటే రింగును (బోల్టులు హెడ్ మీదికి లాగి పట్టే గుండ్రటి కట్టు) అనుమానించండి. రింగు చెవిలోని రంధ్రం లగ్‌కు ఎదురుగా లేక పక్కకు పోతే బోల్టు ఏటవాలుగా దిగి మరను ఒక పక్కనే తింటుంది. గుండ్రటి ఆకురాయితో ఆ రంధ్రాన్ని కావలసిన వైపు కొంచెం సాగదీసి, పైన వాషర్ వేస్తే బోల్టు నిలువుగా నిలబడుతుంది.

దారిలో బోల్టు ఊడిపోవడం వేరే సంగతి. నల్లాల పనివాళ్లు వాడే టెఫ్లాన్ టేపు, బోల్టు తిరిగే దిక్కునే రెండు చుట్లు చుట్టి దించితే చాలు. ఫెవిక్విక్ మాత్రం వేయకండి. మళ్లీ హెడ్ మార్చేనాడు బోల్టుతో పాటు ఇత్తడి నట్టు కూడా పెకలి వస్తుంది.

డప్పు వాయించి ఇటు వచ్చినవాళ్లకు ఒక మాట. వదులైన మూలను మంట దగ్గర పట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. తోలులోని తడి ఆరితే అది బిగుసుకుంటుంది. ఈ హెడ్ పాలిస్టర్ పొర, ఆరడానికి దాంట్లో తడే లేదు. సెగ తగిలితే ముడతలు పడి పాడవుతుంది.

చివరికి స్నేర్ హ్యాండిల్. నాసిరకం హ్యాండిళ్లలో టెన్షన్ మర దెబ్బల అదురుకే వెనక్కి తిరుగుతూ పోతుంది. మర కింద ఒక రబ్బరు రింగు దూరిస్తే నిలుస్తుంది. తీగలను లాగే దారం తెగుతుంటే దారాన్ని తిట్టకండి, అది రింగు గాడిలో దాటే చోట వేలు పెట్టి చూడండి. అంచు గీరుకుంటే ఆకురాయితో నున్నగా చేయండి. దారానికి బదులు పాత హెడ్‌లోంచి తీగల చివరి పలకంత వెడల్పున రెండు పట్టీలు కత్తిరించి వాడితే ఇంకా మంచిది. ఖర్చు లేదు, పలక రెండు కొసలనూ సమంగా లాగుతుంది. బిగించేముందు తీగలు డ్రమ్ముకు సరిగ్గా మధ్యలో, హెడ్‌కు రెండు పక్కలా సమాన దూరంలో ఉన్నాయో లేదో చూసుకుని, హ్యాండిల్ దించిన స్థితిలోనే పట్టీల స్క్రూలు బిగించండి.