పిల్లల వయొలిన్ సాధనలో వచ్చే చిక్కులు: కారణాలు, పరిష్కారాలు

పిల్లలు వయొలిన్ సరిగా వాయించకపోతే పెద్దలు వేసే మొదటి నింద "శ్రద్ధ లేదు" అని. నన్నడిగితే అది చివరగా వెతకాల్సిన కారణం. ముందు వాయిద్యాన్ని చూడండి, తరువాత చేతిని, ఆ పైన సాధన చేసే పద్ధతిని. చాలా చిక్కులు ఈ మూడింటిలోనే దొరికిపోతాయి.

కమాను లాగినా శబ్దం రావడం లేదు

కొత్త కమానుకు రోజిన్, అంటే వెంట్రుకలకు పట్టునిచ్చే గట్టి బంక, పట్టి ఉండదు. దాని వెంట్రుకలు తీగను పట్టుకోలేక జారిపోతాయి. కొత్త రోజిన్ బిళ్ళ మరీ నున్నగా ఉంటే గరుకు కాగితంతో పైపొర కొద్దిగా గీసి, కమానును ఈ కొస నుంచి ఆ కొస వరకూ నిదానంగా రుద్దాలి. తీగల మీద తెల్లని పొడి పేరుకుంటే మోతాదు మించిందన్నమాట. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వెంట్రుకలను మాత్రం వేళ్ళతో తాకనివ్వకండి, జిడ్డు అంటిన చోట రోజిన్ నిలవదు.

కీచుమంటోంది, గరగరలాడుతోంది

ఈ రెండూ ఒకటి కావు. గరగర వస్తే కమానును అదిమేస్తున్నారు, లాగే వేగం చాలడం లేదు. సన్నగా ఈల వేసినట్టు వస్తే తీగ మీద బరువు చాలడం లేదు, లేదా కమాను బ్రిడ్జికి, అంటే తీగలను ఎత్తి పట్టే చెక్క ముక్కకు, మరీ దగ్గరగా పోయింది. రెండు తీగలు ఒకేసారి మోగుతుంటే కుడి మోచేయి ఉండాల్సిన ఎత్తులో లేదు.

ఎదురుగా నిలబడి, కమాను తీగను తాకే చోటునే చూడండి. లాగడం మొదలుపెట్టినప్పుడు అది బ్రిడ్జికీ, తీగలను వేళ్ళతో నొక్కే చోట ఉండే వేళ్ళ పలకకూ నడుమ సరిగ్గానే ఉంటుంది. సగం దాటేసరికి మోచేయి విచ్చుకోవడానికి బదులు చేయంతా భుజం నుంచి వెనక్కి పోతుంది. కమాను వంకర తిరిగి పలక మీదికి జారుతుంది, స్వరం పలచబడుతుంది. కొన్నాళ్ళు పాటలు పక్కన పెట్టి, అద్దం ముందు, వేళ్ళు వేయకుండా, కమాను నడిభాగంతోనే తీగలను వాయించమనండి. అక్కడ గీత తిన్నగా వచ్చాక కొద్దికొద్దిగా పొడవు పెంచాలి. పిల్లలకు ఇది విసుగే. కానీ ఇది దాటవేసి పాట మీద పాట నేర్పితే ప్రతి పాటలోనూ అదే కీచు వినాలి.

కమాను పట్టిన బొటనవేలు నిటారుగా బిగుసుకుని ఉంటే అదిమే బరువుకు మూలం అదే. వేలు కొద్దిగా వంచి పట్టుకోమనండి.

మెడ, భుజం నొప్పి అంటున్నారు

నొప్పిని ఓర్చుకోమని చెప్పకండి. ముందు వయొలిన్ కొలత చూడండి. పిల్లలకు 3/4, 1/2, 1/4, 1/8, 1/16 కొలతల్లో దొరుకుతాయి. 1/2 అంటే పేరుకే సగం: పెద్దల వయొలిన్‌లో మెడ కాకుండా బోలు పెట్టె పొడవు సుమారు 35.5 సెంటీమీటర్లయితే దీనిది 31 పైచిలుకు. భుజాన పెట్టించి ఎడమ చేయి చాపమనండి. వయొలిన్ కొసన ఉండే చుట్ట అరచేతిలో ఒదగాలి, అప్పటికీ మోచేయి కొంచెం వంగే ఉండాలి. అందుకోవడానికి చేయి పూర్తిగా చాచాల్సి వస్తే అది పెద్దదే. ఎదిగే పిల్లలకు బట్టలు వదులుగా కుట్టించినట్టు దీన్ని కొనకూడదు.

ఎన్నిసార్లు వాయించినా అదే చోట తప్పు

తప్పు రాగానే పిల్లలు మళ్ళీ మొదటికి వెళ్తారు. దాంతో పల్లవి వందసార్లు సాధన అవుతుంది, తప్పిన చోటు ఒక్కసారీ కాదు. తప్పు సాధారణంగా స్వరంలో ఉండదు, ఒక స్వరం నుంచి ఇంకోదానికి వెళ్ళే దారిలో ఉంటుంది. ఆ రెండు స్వరాలనే విడదీయండి. మొదటిది వాయించి ఆగాలి, రెండో వేలిని శబ్దం లేకుండా తీగ మీద పెట్టి చూసుకోవాలి, అప్పుడు కమాను లాగాలి. తడబాటు పోయాక ముందొకటి, వెనకొకటి స్వరం చేర్చండి. వేగం చివర్లో పెంచవచ్చు.

తేలికైన చోట పరుగెత్తి, కష్టమైన చోట నీరసపడే పిల్లలకు మెట్రోనోమ్, అంటే సమంగా టిక్కుటిక్కుమని లయ చూపే పరికరం, పెట్టండి. వేగం మాత్రం కష్టమైన చోటుకు సరిపోయేలా ఎంచుకోవాలి.

సాధన అంటే మొహం చాటేస్తున్నారు

"వెళ్ళి అరగంట వాయించు" అన్న మాటలో చేయాల్సిన పని ఏదో లేదు, గడపాల్సిన సమయమే ఉంది. "ఈ రెండు స్వరాలు తడబడకుండా వస్తే ఇవాళ్టికి అయిపోయినట్టే" అని చెప్పి చూడండి. చిన్న పిల్లలకు పది నిమిషాలు తక్కువేమీ కాదు. వాయిస్తుండగా వంటింట్లోంచి "తప్పు, తప్పు" అని కేకలు వేయడం మానండి.

శ్రుతి నిలవడం లేదు

కొత్త తీగలు కొన్నాళ్ళు సాగుతూనే ఉంటాయి, మళ్ళీ మళ్ళీ సరిచేయక తప్పదు. పాత తీగలే దిగిపోతుంటే, తీగలు చుట్టి శ్రుతి చేసే బిరడాలు జారుతున్నట్టు. పొడిగాలికి చెక్క కుంచించుకుని అవి వదులవుతాయి. తిప్పేటప్పుడే లోపలికి నొక్కుతూ తిప్పాలి. చిన్న తేడాలకు కింది వైపు, తీగలు తగిలించే చోట ఉండే మరలు చాలు. సరిచేశాక బ్రిడ్జి వేళ్ళ పలక వైపు ఒరిగిందేమో ఒకసారి చూడండి.

లోపల ఏదో దొర్లుతోంది

పెట్టె లోపల నిలబెట్టిన చిన్న కర్ర పడిపోయి ఉంటుంది. దాన్ని జిగురుతో అంటించరు, తీగల బిగువుతోనే నిలుస్తుంది. తీగలన్నీ వెంటనే వదులు చేయండి, లేకపోతే ఆ బరువుకు పై చెక్క పగలవచ్చు. ఇది ఇంట్లో చేసే మరమ్మతు కాదు, వాయిద్యాలు బాగుచేసేవారికే అప్పగించాలి.