పెన్‌డ్రైవ్‌లో పాత ఫైళ్లు మళ్లీ మళ్లీ కాపీ అవుతుంటే

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. కాటా గదిలో ఒక కంప్యూటర్, ఆఫీసులో ఇంకొకటి, రెండూ లినక్స్. మధ్యలో నెట్ లేదు, కాటా చీటీల ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోనే పోవాలె. కాపీకి వాడే ఆర్‌సింక్ ప్రోగ్రాం మారిన ఫైళ్లనే తీసుకోవాలి, కానీ రోజూ దాదాపు సగం పాతవి కూడా మళ్లీ ఎక్కేవి.

కారణం పెన్‌డ్రైవ్ ఫార్మాట్. ఆర్‌సింక్ ఫైలు సైజు, మార్చిన సమయం చూస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫ్యాట్32 ఫార్మాట్‌లో సమయం 2 సెకన్ల లెక్కన ఉంటుంది: 10:15:07కు సేవైన చీటీ అక్కడ 10:15:06 అవుతుంది. బేసి సెకన్లవన్నీ 'మారినవే'!

ఆర్‌సింక్ కమాండ్‌లో '-ఏ' (ఓనర్, పర్మిషన్లు కూడా కాపీ చేసే ఆప్షన్) తీసేసి '-ఆర్‌టీవీ --మాడిఫై-విండో=1' (1 సెకను తేడాను పట్టించుకోదు) పెట్టాను, మళ్లీ కాపీ అవడం ఆగిపోయింది. ఓనర్, పర్మిషన్ల ఎర్రర్లూ పోయినయ్, ఫ్యాట్‌లో వాటిని దాచే చోటే లేదు మరి.

సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ మరవొద్దు, ఫోల్డర్‌లో ఫోల్డర్ పడుతుంది. '--డిలీట్' (సోర్స్‌లో లేనివాటిని అవతల తీసేస్తుంది) వాడేముందు '-ఎన్'తో (ఏం జరుగుతుందో చూపిస్తుంది, ఏమీ మార్చదు) తప్పక చూసుకోండి. దాంతో ఖాళీ పెన్‌డ్రైవ్ నుంచి సింక్ చేస్తే అసలు చీటీలే పోతాయి.