పట్టీలు నల్లబడ్డాయా? ముందు రబ్బరు బ్యాండు తీయండి

పోయిన శ్రావణమాసం ముందు ఒక పెద్దావిడ మా కొట్టుకొచ్చి, చేతిసంచీలోంచి పొట్లం తీసి బల్ల మీద పడేశారు. "ఏందయ్యా ఇది, వెండేనా? మనవరాలికి చేయించి రెండేళ్లు కాలా, అప్పుడే బొగ్గు మాదిరి అయిపోయినయ్."

విప్పి చూస్తే పట్టీలు. మేం చేసినవే. న్యూస్‌పేపర్లో చుట్టి పైన ఒక రబ్బరు బ్యాండు, లోపల రెండు పట్టీలనూ కలిపి ఇంకో రబ్బరు బ్యాండు. నేనేం మాట్లాడకుండా ఆ లోపలి బ్యాండు తీసి పట్టీని వెలుగులో పెట్టాను. పట్టీ అంతా ముదురు పసుపు రంగుకు తిరిగింది. రబ్బరు ఆనిన చోట మాత్రం సరిగ్గా బ్యాండు వెడల్పున, స్కేలు పెట్టి గీసినట్టు, నల్లటి గీత. "అమ్మా, ఈ గీత నేను కొట్టింది కాదు" అన్నాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. రబ్బరు గట్టిపడటానికి గంధకం కలుపుతారు. ఆ గంధకమే రెండేళ్లు పట్టీని పట్టుకుని కూర్చుంది.

గుంటూరు పట్నం బజారు వెనక సందులో మాది చిన్న కొట్టు. నాన్న తర్వాత నేను చూసుకుంటున్నాను. పట్టీలు, మెట్టెలు, మొలతాళ్లు, కుంకుమ భరిణెలు చేస్తాం, పాతవాటికి మెరుగు పెడతాం. "వెండేనా ఇది?" అన్న మాట నాన్న కాలం నుంచీ వింటున్నాను. ఎదురుగా నిలబడ్డ మనిషికి నేను చెప్పే సమాధానం, కొట్టు కాపాడుకోవడానికి చెప్పినట్టే ఉంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

వెండిని నల్లగా చేసేది గంధకం. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు అతి కొద్దిగా ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే, మురుగుకాలువ వాసనలో ఉండేదీ అదే. దానికి తేమ, ఆక్సిజన్ తోడైతే వెండి పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఇనుముకు పట్టే తుప్పు లోపలికి తినుకుంటూ పోతుంది. ఇది అలా కాదు, పైన పల్చటి పొర, కింద వెండి వెండిగానే ఉంటుంది. మొదట లేత పసుపు, తర్వాత గోధుమ, ఒక్కోసారి ఊదా, నీలం కలిసిన నెమలిపింఛం రంగు, చివరికి నలుపు. ఇవి రకరకాల మురికి కాదు. పొర మందమయ్యేకొద్దీ దాని మీద పడిన వెలుగు అలా రంగులు మారుస్తుంది. పసుపు దశలో పట్టుకుంటే రెండు నిమిషాల పని. నలుపు దాకా వదిలేస్తే మాత్రం చెయ్యి నొప్పెడుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. గట్టి మూత ఉన్న డబ్బాలో ఉడికించిన కోడిగుడ్డు సగం, పనికిరాని పాత మెట్టె ఒకటి, రెండూ తగలకుండా పెట్టి రాత్రికి వదిలేయండి. పొద్దున మెట్టె రంగు తిరిగి ఉంటుంది. మా అమ్మాయి ఇంటర్‌లో ఉండగా నా చేత చేయించింది. డబ్బా వాసన పోవడానికి మూడు రోజులు పట్టింది, ఇంట్లో తిట్లు నాకు పడ్డాయి.

గుంటూరులో ఉంటూ తప్పు మిరపకాయ మీద వేయకుండా ఉంటామా? "మాది మిర్చి యార్డు దగ్గర ఇల్లండీ, ఘాటుకి వెండి నిలవదు" అని చాలామంది అంటారు. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌లో గంధకం లేనే లేదు. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు ఇదే మాట అంటూ నల్లబడ్డ వెండి కంచం తెచ్చాడు. బీరువాలో ఇంకేం పెడతావు బాబాయ్ అని అడిగితే, కింది అరలో పురుగుమందులన్నాడు. వాటిలో మిరపతోటకు బూడిద తెగులు వస్తే లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున కలిపి కొట్టే గంధకం పొడి ఉంది, నోరు విప్పిన ప్యాకెట్. పైన కంచం, కింద గంధకం. మిరపకాయకు సంబంధం ఉన్నమాట నిజమే, కాని ఘాటుది కాదు తప్పు. (పురుగుమందు బీరువాలో పెట్టొద్దని కూడా చెప్పాననుకోండి. అది వెండి కంటే పెద్ద సంగతి.)

ఆవకాయా అంతే. వెండి చెంచా జాడీలో మర్చిపోతే నల్లబడుతుంది, అందరూ కారాన్ని అంటారు. గంధకం ఉండేది ఆవపిండిలో, వెల్లుల్లిలో. ఉల్లిపాయ, కోడిగుడ్డు, ఉన్ని బట్ట, దీపావళి మందు పట్టిన చేతులు, ఇవన్నీ ఆ జాబితాలోవే. ఇంటి పక్కన తెరిచిన మురుగుకాలువ ఉంటే వెండిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టక తప్పదు.

ఇక ఒంట్లో వేడి మాట. "మా పిల్లకు వేడి శరీరమండీ, అందుకే పట్టీలు నల్లబడతాయి" అంటారు. మేం వెండిని రోజూ నిప్పుల్లో పెట్టేవాళ్లం. అది 961 డిగ్రీలు దాటాక గాని కరగదు. మేలిమి వెండిని ఎర్రగా కాల్చి తీసినా తెల్లగానే వస్తుంది. నల్లబడితే అందులో కలిపిన రాగి నల్లబడుతుంది. కొలిమి వేడికి నల్లబడనిది ఒంటి వేడికి నల్లబడుతుందా? చెమటలో ఉప్పు, కొద్దిగా గంధకం ఉన్న పదార్థాలు ఉంటాయి, అవి మనిషి మనిషికీ మారతాయి, అంతే. మెట్టెలు చూసి రోగం చెప్పే విద్య నాకు రాదు. దిష్టి తగిలి నల్లబడిందనుకుంటే దిష్టి తీసుకోండి, తప్పులేదు, కాని ఆ తర్వాత మెట్టెలు కూడా తోముకోండి.

మేలిమి వెండి నల్లబడదన్నదీ ఉత్త మాటే. 999 వెండి నాణెం కూడా రంగు తిరుగుతుంది, కాస్త ఆలస్యంగా. మేలిమి వెండి మరీ మెత్తన, దానితో పట్టీ చేస్తే నెలలో సాగిపోతుంది. బలం కోసం రాగి కలపాలి. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగిలిన 75 సాధారణంగా రాగి. రాగి పెరిగేకొద్దీ రంగు త్వరగా తిరుగుతుంది. తిరగేసి చెప్తే, ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉన్న వస్తువు మేలిమిదనీ కాదు. దాని మీద రోడియం అనే నల్లబడని లోహపు పూత ఉండవచ్చు. జర్మన్ సిల్వర్ అయితే రాగి, నికెల్, జింకుల మిశ్రమం, అందులో వెండి రవ్వంతైనా ఉండదు.

మరి అనుమానించాల్సింది దేన్ని? నలుపును కాదు, ఆకుపచ్చను. చిలుము పట్టిందంటే రాగి ఎక్కువన్నమాట. తోమేకొద్దీ కింద పసుపో ఎరుపో బయటపడితే అది పూత వస్తువు. అయస్కాంతం పరీక్ష సగమే పనికొస్తుంది. అంటుకుంటే లోపల ఇనుమున్నట్టు. అంటుకోకపోతే రాగి కావచ్చు, జర్మన్ సిల్వర్ కావచ్చు, వాటినీ అయస్కాంతం పట్టదు. కొత్తది కొనేటప్పుడు హాల్‌మార్క్ అడగండి. వెండికీ 2025 సెప్టెంబరు 1 నుంచి ఏ వస్తువుకా వస్తువుకు విడిగా వేసే ఆరక్షరాల హెచ్‌యూఐడీ నంబరు వచ్చింది, ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు శుభ్రం చేసే సంగతి. కుందుల మీద నలుపు సగం వత్తి మసీ, నూనె జిడ్డే. ముందు గోరువెచ్చటి నీళ్లలో కుంకుడు రసం గాని, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గాని వేసి మెత్తటి బ్రష్‌తో కడగండి. మేం కూడా మెరుగు ఆఖర్న కుంకుడు నీళ్లతోనే కడుగుతాం, దాన్ని మించింది నేను చూడలేదు. పోయిందంతా జిడ్డే అయితే అక్కడితో ఆపేయండి.

పోకపోతే ఒక సత్తు గిన్నె తీసుకోండి. మనవాళ్లు దాన్నే సిల్వరు గిన్నె అంటారు, నిజానికి అల్యూమినియం. వంటకు మళ్లీ వాడనిదై ఉండాలి. లేదంటే ప్లాస్టిక్ టబ్బులో అల్యూమినియం ఫాయిల్ పరవండి. వెండి వస్తువులు ఆ అల్యూమినియానికి తగిలేట్టు పెట్టండి, తగలకపోతే పని జరగదు. లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు చల్లి, బాగా మరిగిన నీళ్లు మెల్లగా పోయండి. పొంగుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి. కాసేపటికి కుళ్లిన గుడ్డు వాసన వస్తే భయపడకండి, పట్టిన గంధకం వదులుతోందన్నమాట. ఐదు నిమిషాలు ఉంచి, తిరగేసి ఇంకో ఐదు నిమిషాలు. మంచినీళ్లతో కడిగి, పాత మల్లు పంచె ముక్కతో తడి లేకుండా తుడవండి.

ఈ పద్ధతి నాకెందుకు నచ్చుతుందంటే, ఇందులో వెండి పోదు. గంధకం వెండిని వదిలేస్తుంది, వెండి ఉన్నచోటే ఉంటుంది. పొడి పెట్టి రుద్దితే ఆ నల్లపొరతో పాటు అందులో ఉన్న వెండీ గుడ్డకు వచ్చేస్తుంది. మా ఇంట్లో నాయనమ్మ ఉగ్గుగిన్నె ఉంది. దాని అంచు మీద ఆమె పేరు చుక్కలతో కొట్టించారు. ఏళ్ల తరబడి ఇటుకపొడి, విభూతి, పళ్లపొడి, ఏది దొరికితే దానితో తోమారు. ఇప్పుడు వేలితో తడిమితే మొదటి అక్షరం తెలుస్తుంది, మిగతావి నున్నగా పోయాయి. టూత్‌పేస్టూ అంతే. పళ్లకు పనికొచ్చే గరుకు వెండికి ఎక్కువే, అద్దంలాంటి వస్తువు మీద సన్నటి గీతలు పడతాయి. చింతపండు రాగి చెంబు మీద చూపించే మహిమ వెండి మీద చూపించదు, పైగా పులుపు ముత్యాలనూ పగడాలనూ తినేస్తుంది.

సోడా పద్ధతి అన్నింటికీ కాదు. ముత్యాలు, పగడాలు, అతికించిన రాళ్లు ఉన్నవి, లోపల లక్క నింపినవి వేడినీళ్లలో వేయొద్దు. ఇంకొకటి ఉంది, అది నా తప్పు. ఈ కిటుకు కొత్తగా నేర్చుకున్న రోజుల్లో మా ఆవిడ లక్ష్మీ బిళ్లను కూడా అదే టబ్బులో పడేశాను. అది ఆక్సిడైజ్డ్ పని. అంటే బొమ్మ గీతలు కనపడటానికి గంధకపు మందుతో కావాలనే నల్లచేసినది. టబ్బుకు కావాలని పెట్టిన నలుపేదో, పట్టిన నలుపేదో తెలీదు కదా. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే అమ్మవారి కళ్లూ, తామర రేకులూ ఏమీ తెలియడం లేదు, పిండితో చేసిన బొమ్మలా ఉంది. మళ్లీ మందు పెట్టి నల్లచేసిచ్చాను గాని, ఆవిడ ఆ బిళ్ల ఇప్పటికీ నా చేతికివ్వదు. అలాంటివాటిని సబ్బునీళ్లతో కడిగి వదిలేయండి.

దాచేటప్పుడు తడి, గాలి, గంధకం, ఈ మూడూ దగ్గరికి రాకుండా చూస్తే చాలు. బాగా ఆరిన వస్తువును ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, జిప్ కవర్లో గాలి నొక్కేసి పెట్టండి. కొత్త బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి. న్యూస్‌పేపరు, ఉన్ని, రబ్బరు వద్దు. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు మాత్రం దాచడం కంటే పెట్టుకోవడమే నయం, రోజూ బట్టకూ ఒంటికీ రాసుకుని పొర కట్టనివ్వవు. బ్లీచింగ్ పౌడరు ముట్టుకునేటప్పుడు, బాత్రూం యాసిడ్‌తో కడిగేటప్పుడు తీసేయండి. క్లోరిన్ వెండికి గంధకం కంటే మంచిదేం కాదు.

ఇంట్లో చేతకాకపోతే కొట్టుకు తీసుకెళ్లండి. ఇచ్చేముందు తూకం వేయించి చీటీ మీద రాయించుకోండి, తీసుకునేటప్పుడు మళ్లీ తూచమనండి. మొహమాటం అక్కర్లేదు, మంచి కంసాలి ఏమీ అనుకోడు. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు కలశం, కుందులు, అమ్మవారి ముఖం పట్టుకుని ఊరంతా ఒకేసారి వస్తుంది. అప్పుడు నేనైనా తొందరగా మందులో ముంచి ఇవ్వాల్సిందే. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కొట్టు ఖాళీ. అప్పుడు తెస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని కుంకుడు నీళ్లతో నెమ్మదిగా చేసిస్తాను, టీ కూడా నాదే.