ఎండాకాలం కెమిస్ట్రీ ల్యాబ్: ఏం కనిపిస్తే ఏం చేయాలి

గోడ మీది సేఫ్టీ చార్టు గది చల్లగా ఉందనుకుని చెబుతుంది. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె కింది స్టోర్ రూం 40 డిగ్రీలు దాటుతుంది. యూనివర్సిటీ ల్యాబుల్లో స్కాలర్లకు, అసిస్టెంట్లకు, అటెండర్లకు ఎదురయ్యే చాలా ఇబ్బందులు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

సమస్య: ఈథర్ సీసా మూత తిప్పగానే బుస్సుమంటోంది. స్టోర్ రూంలో తల తిరుగుతోంది.

కారణం: డైఇథైల్ ఈథర్ అనే ద్రావకం 34.6 డిగ్రీలకే మరుగుతుంది, డైక్లోరోమీథేన్ అనే ఇంకో ద్రావకం 40 డిగ్రీల దగ్గర. మే నెలలో వీటిని మరిగించడానికి పొయ్యి అక్కర్లేదు. మూత ఎంత బిగించినా కొంత ఆవిరి బయటికి వస్తుంది. ఈథర్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల వెంబడి పాకి, పక్క గదిలోని బర్నర్ దాకా పోయి అంటుకోగలదు. డైక్లోరోమీథేన్ అంత సులువుగా అంటుకోదు గానీ, ఒంట్లోకి వెళ్లాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఆ తలనొప్పిని ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి మళ్లీ అదే గదిలోకి వెళ్లేవాళ్లు ఉన్నారు.

పరిష్కారం: తల తిరుగుతున్నవాళ్లను ముందు బయటి గాలిలోకి తీసుకురండి. తలుపులు తెరవండి, గదిలో ఏ స్విచ్చూ ముట్టుకోకండి. ఏడాదికి సరిపడా ఒకేసారి ఇండెంట్ పెట్టే అలవాటు మాని, 500 మి.లీ. సీసాలు అవసరమైనప్పుడే తెప్పించండి. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో మాత్రం దాచొద్దు. దాని థర్మోస్టాట్ దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. లోపల స్పార్క్ రాకుండా, మండే ద్రావకాల కోసమే చేసిన ఫ్రిజ్ కావాలి. అది లేకపోతే వేసవిలో ఈథర్ పని పెట్టుకోకపోవడమే మేలు, సెమిస్టర్ షెడ్యూల్ ఏం చెప్పినా సరే.

పాత ఈథర్ సీసా మూత చుట్టూ స్ఫటికాలు కనిపిస్తే అవి గాలి తగిలి రానురాను ఏర్పడే పెరాక్సైడ్లు కావచ్చు. మూత తిప్పిన రాపిడికే పేలే ప్రమాదం ఉంది. తెరవొద్దు, కదపొద్దు. గది మూసి, సేఫ్టీ ఇన్‌ఛార్జికి చెప్పండి. కొత్త సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాయండి.

సమస్య: ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బ్లోయర్ ఫ్యాన్‌తో బయటికి లాగేసే అద్దం తలుపు పెట్టె) తిరుగుతోంది, అయినా వాసన గదిలోకి వస్తోంది.

ముందు తల పైకెత్తి సీలింగ్ ఫ్యాన్ చూడండి, తర్వాత కూలర్ ఎటు తిరిగి ఉందో చూడండి. హుడ్ గాలిని లోపలికి లాగే వేగం సెకనుకు సుమారు అర మీటరే, కూలర్ గాలి ముందు అది నిలవదు. హుడ్ అద్దం కింది అంచున టిష్యూ పేపర్ ముక్క అంటించండి. లోపలికి వంగితే సరే. వంగకపోతే ఫ్యాన్, కూలర్ ఆపి మళ్లీ చూడండి. అప్పటికీ కదలకపోతే లోపల వెనక చీలికలకు అడ్డంగా పాత సీసాలు ఉంటాయి, ఎందుకంటే మనవాళ్లకు హుడ్ అంటే ఇంకో అల్మారా. ఖాళీ చేయండి. అంచు నుంచి కనీసం 15 సెం.మీ. లోపలికి జరిగి, అద్దం దించి పని చేయండి. ఇంకా తేడా లేకపోతే బ్లోయర్ బెల్టు తెగి ఉండొచ్చు, లేదా రిపేరు చేసినప్పుడు ఫేజులు మారి మోటారు తిరగబడి తిరుగుతూ ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా హుడ్‌ను వాడొద్దు.

కరెంటు పోయినప్పుడు ఇంకో చిక్కు: జనరేటర్ లైన్ లైట్లకు ఉండి, మిద్దె మీది బ్లోయర్‌కు లేకపోవచ్చు. లైట్లు వెలుగుతుంటాయి కాబట్టి హుడ్ ఆగిందని ఎవరికీ తెలియదు. హీటర్ ఆపేసి, అద్దం పూర్తిగా దించి బయటికి రండి.

సమస్య: అటెండర్ చేతుల మీద పసుపు మచ్చలు, మానని పుండ్లు.

పసుపు మచ్చ నైట్రిక్ యాసిడ్ పని. మానని పుండ్లకు తరచూ కారణం గాజు సామాను కడిగే క్రోమిక్ యాసిడ్. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం కూడా. అసలు కారణం మాత్రం సింకులో వదిలేసిన, పేరు రాయని బీకర్లు. అందులో ఏముందో వాడినవాళ్లకే తెలుసు, కడిగేది ఇంకొకరు. వాడినవాళ్లే ద్రావణాన్ని వేస్ట్ సీసాలో పోసి, ఒకసారి కడిగాకే సింకులో పెట్టాలి. క్రోమిక్ యాసిడ్ మానేసి ల్యాబ్ డిటర్జెంట్ తెప్పించండి.

గ్లోవ్స్ ఇచ్చాం కదా అంటారు. పల్చటి నైట్రైల్ గ్లోవ్‌ను డైక్లోరోమీథేన్ నిమిషాల్లోనే దాటేస్తుంది. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ చేతి లేటెక్స్ గ్లోవ్ మీద డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస విషం చుక్కలు పడి, గ్లోవ్ దాటి ఒంట్లోకి వెళ్లాయి. 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. ఏ రసాయనానికి ఏ గ్లోవ్ అన్నది తయారీదారు పట్టికలో చూసి కొనాలి, టెండర్‌లో చవకగా వచ్చింది కదా అని కాదు.

సమస్య: సీసాల మీద, అద్దాల మీద తెల్లటి పొడి.

హైడ్రోక్లోరిక్ యాసిడ్, అమ్మోనియా ఒకే అరలో ఉన్నాయి. ఆ పొడి అమ్మోనియం క్లోరైడ్. విడదీయండి.

సమస్య: కంట్లో రసాయనం పడింది, కుళాయి తిప్పితే నీళ్లు కాలుతున్నాయి.

మిద్దె మీది ట్యాంకు మధ్యాహ్నానికి కాగిపోతుంది. కంటికి పోసే నీళ్లు 38 డిగ్రీలు మించకూడదు. ఐవాష్‌కు (కళ్లు కడిగే ఏర్పాటుకు) నిమిషానికి లీటరున్నర చొప్పున 15 నిమిషాలు ధార రావాలి, అంటే 22 లీటర్లకు పైగా. 20 లీటర్ల క్యాన్ ఒక్కటి చాలదు. కుళాయి బిగించిన రెండు క్యాన్లను నీడలో, నడిచి 10 సెకన్లలో చేరేంత దగ్గర పెట్టి, రోజూ నీళ్లు మార్చండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీసేయాలి. యాసిడ్ పడిందని క్షారం, క్షారం పడిందని యాసిడ్ పోయకండి. కాస్టిక్ సోడా లాంటి క్షారమైతే 15 నిమిషాలతో ఆపకుండా 108 వచ్చేదాకా కడుగుతూనే ఉండండి. ఈలోగా ఇంకొకరు సీసా లేబుల్ ఫోటో తీసి పెట్టుకోవాలి, డాక్టరు మొదట అడిగేది అదే.